లోతు లేని వైపు

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ ఊళ్ళో పాత భవనాల లిఫ్టులు చాలావరకు ఆయన చేతి మీదుగానే నడిచేవి. తలుపు పడకపోయినా, మధ్యలో ఆగిపోయినా, దిగేటప్పుడు కుదుపు ఇచ్చినా వాచ్‌మన్లు ముందు ఆయనకే ఫోన్ చేసేవారు. లిఫ్టు కింద గోతిలోకి దిగే ముందు పైన మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. సగం మెట్లు దిగాక మళ్ళీ వెనక్కి ఎక్కి తాళం లాగి చూసి గానీ పని మొదలుపెట్టేవాడు కాదు. తోటి పనివాళ్ళు చాటున నవ్వుకునేవారు. ఇంట్లో భార్య ఎదుటే నవ్వేది.

"గ్యాస్ కట్టేశారు, నేను చూశాను. అయినా ఇంకోసారి వెళ్ళి చూసి రండి. లేకపోతే మీకు ముద్ద దిగదు" అనేది.

ఆమె డ్రై క్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర పని చేసేది. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే, ఈత మంచిదని డాక్టరు చెప్పాడు. యాభై దాటాక మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌లో చేరింది. మొదట్లో గట్టు వదలమంటే ఏడ్చినంత పని చేసేది. ఏడాది తిరిగేసరికి పూల్ పొడుగునా వెళ్ళి, ఆగకుండా తిరిగొచ్చేది. ఆయన్ని కూడా లాక్కెళ్ళింది. ఆయన మాత్రం ఎప్పుడూ లోతు లేని వైపే. అడ్డంగా ఒకసారి ఈదగలిగేవాడు, అంతే. అవతలి గట్టు తగలగానే రెండు చేతులా పట్టుకుని, ఎవరో వెనక నుంచి తరిమినట్టు రొప్పేవాడు. లోతు వైపు నుంచి ఆమె చెయ్యి ఊపేది.

"ఇటు రండీ, ఇక్కడ నీళ్ళు హాయిగా ఉన్నాయి!"

"ఇక్కడివి చాల్లే" అనేవాడు.

ఓడ ప్రయాణం ఆమె ఆలోచనే. ఆయన రిటైరైన ఏడాదే ఇద్దరికీ టికెట్లు కొనేసింది. కళ్ళకి అద్దం పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, సముద్రంలో బోర్లా తేలుతూ చేపల్ని చూడాలని ఆమె కోరిక. స్నోర్కెలింగ్ అంటారని టీవీలో చూసి చెప్పింది. "మునగక్కర్లేదట. ఊరికే తేలుతూ ఉంటే చాలట. మీలాంటి వాళ్ళ కోసమే కనిపెట్టుంటారు" అని ఆటపట్టించేది.

ప్రయాణం ఇంకా కొన్ని నెలలుందనగా ఆమె పోయింది. ఆ సాయంత్రం నుంచీ గుండెల్లో మంటగా ఉందంది. ఆస్పత్రికి వెళ్దామా అని ఆయన అడిగాడు. "అరగలేదంతే. తెల్లారాక చూద్దాం లెండి" అంది. తెల్లారేసరికి ఆమె లేదు.

ప్రయాణం మానుకుందామనుకున్నాడు. ఆమె తమ్ముడు మాననివ్వలేదు. అతను బేకరీ వ్యాను నడుపుతాడు. యాభై నిండినా అక్క 'చిన్నోడు' అనే పిలిచేది కాబట్టి అందరికీ చిన్నోడే. పేరుకే చిన్నోడు. మనిషి ఆరడుగులు, ముఖానికి సగం మీసం, వీధి మలుపు దాకా వినిపించే గొంతు. బావాబావమరుదుల మధ్య వేళాకోళాలు మామూలే. వీళ్ళిద్దరి మధ్య వేళాకోళం కింద ఇంకాస్త ఏదో ఉండేది. బావ భయాలతోనే అక్క కాళ్ళకి కట్టు పడిందని చిన్నోడి బాధ. చిన్నోడివన్నీ కోతలేనని బావ నమ్మకం. మధ్యలో ఆమె ఉండేది కాబట్టి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు.

"అక్క సీటు ఖాళీగా పోనిస్తావా బావా? నేనొస్తా" అన్నాడు చిన్నోడు. కాదనడానికి ఆయనకు ఓపిక లేకపోయింది.

ఓడలో గది చిన్నది. తలుపు తీసి చూస్తే రెండు మంచాలూ కలిపేసి, పైన దుప్పటి ఒక్కటే పరిచి, తువ్వాళ్ళతో రెండు హంసల్ని చేసి ముక్కులు ఆనించి పెట్టి ఉంచారు. దంపతులు వస్తారనుకున్నారు.

"బావోయ్, మనకి శోభనం ఏర్పాట్లు చేశారు!" అని పగలబడి నవ్వాడు చిన్నోడు. ఆయన నవ్వలేదు. చిన్నోడి నవ్వూ మధ్యలోనే తెగిపోయింది. ఇద్దరూ మంచాలు విడదీసి, చెరో గోడకీ జరుపుకున్నారు. హంసల్ని ఏం చెయ్యాలో తెలియక ఆయన బీరువాలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే విహారాల కౌంటర్ దగ్గరికి వెళ్ళారు. అక్కడ కూర్చున్న అమ్మాయి ముందుగా అడిగింది ఒక్కటే.

"ఈత వచ్చా మీకు?"

"చేపపిల్లలం తల్లీ మేము" అన్నాడు చిన్నోడు, మీసం మీద చెయ్యేసి.

అమ్మాయి నవ్వి ఆయన వైపు చూసింది. "స్విమ్మింగ్ పూల్ అడ్డంగా ఒక్కసారి ఈదగలను. పొడుగునా రాదు. కాళ్ళకి నేల అందకపోతే కంగారు పడతాను" అన్నాడు ఆయన.

"ఇలా చెప్పేవాళ్ళు తక్కువ అంకుల్. మంచి పని చేశారు" అని ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని వివరంగా చెప్పింది. అందరూ అడిగేది, ఫోటోల్లో కనిపించేది, తెరచాప పడవ విహారమట. దూరంగా పగడపు గుట్టల దాకా తీసుకెళ్తారు. అక్కడ చేపలు బాగా ఉంటాయి. కానీ పడవ నిచ్చెన దిగగానే కింద లోతు, ప్రవాహం లాగుతుంది, అలసిపోతే ఆగడానికి చోటుండదు. ఇంకొకటి కొండల మధ్య చిన్న అఖాతం. ఇసుక మీద నుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగొచ్చు. చుట్టూ తాడు కట్టి ఉంటుంది. తేలే జాకెట్ ఇస్తారు, గైడు నీళ్ళలోనే పక్కన ఉంటాడు. భయమేస్తే నిలబడితే చాలు.

"చేపలు తక్కువే. గాలి ఎక్కువైతే నీళ్ళు మసగ్గా కూడా ఉంటాయి. అది ముందే చెప్తున్నాను. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, ఈత అంతగా రానివాళ్ళకి అదే మంచిది. ఇవాళే ఓడ మీద కొలనులో మాస్కు పెట్టుకుని ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి. రేపు అక్కడికక్కడ నేర్చుకుందామనుకుంటే గాభరా పడతారు."

"పడవే రాయమ్మా" అన్నాడు చిన్నోడు.

"వద్దు. నడిచి దిగేది రాయండి" అన్నాడు ఆయన.

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నడిచి దిగేదే రాసింది.

డెక్కు మీదికి రాగానే చిన్నోడు మొదలుపెట్టాడు. "అక్క అయితే పడవే ఎక్కేది."

"ఎక్కేది. ఆమెకి ఈత వచ్చు."

"అక్క కోసం కదా వచ్చాం? పిల్లలు ఆడుకునే మడుగులో దిగడానికి ఇంత దూరం రావాలా? బతికినన్నాళ్ళూ దాన్ని ఇలాగే ఆపావు నువ్వు. అటెళ్ళకు, ఇటు దిగకు, ఇంకోసారి చూసుకో. గ్యాసు రెండుసార్లు, తాళం రెండుసార్లు..." చిన్నోడి గొంతు పెరిగింది. పక్కన పడక కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తాడు. "గుండెల్లో మంటగా ఉందని నా అక్క చెప్తే మాత్రం, ఎన్నిసార్లు అడిగావు బావా?"

ఆయన రెయిలింగ్ పట్టుకున్నాడు. కింద ఓడ పక్కన నీళ్ళు నురగలు కక్కుకుంటూ వెనక్కి పోతున్నాయి.

"ఒక్కసారే" అన్నాడు.

ఆ మాట కోసమే ఇన్ని నెలలు ఎదురు చూసినట్టున్న చిన్నోడికి, అది చెవిన పడ్డాక ఏం చెయ్యాలో తోచలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వేరువేరు బల్లల మీద కూర్చున్నారు. ఆయన బల్ల దగ్గర ఎదురుగా ఉన్నావిడ మర్యాదకి పలకరించింది. "మీ ఆవిడ రాలేదాండీ?" ఆయన "లేదండీ" అన్నాడు. ఆమె ఇంకేదో అడిగేలోపు లేచి వచ్చేశాడు.

గదికి వెళ్తే చిన్నోడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"బావా, నాకు ఈత రాదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీ అక్క చెప్పింది. చిన్నప్పుడు బకెట్లో నీళ్ళు చూసినా ఏడ్చేవాడివట."

చిన్నోడు తల దించుకుని మెడ రుద్దుకున్నాడు. "మరి అక్కడ ఆ అమ్మాయి ముందు పరువు తియ్యలేదేం?"

"పడవే ఎక్కుతానని మంకుపట్టు పట్టుంటే తీసేవాణ్ణి. లే, కొలను దగ్గరికి పోదాం."

కొలనులో మాస్కు పెట్టుకుంటే ఆయనది సరిగ్గానే కూర్చుంది. చిన్నోడి మాస్కులోకి మాత్రం క్షణాల్లో నీళ్ళు వచ్చేశాయి. మీసం అడ్డొస్తోందని, తీసేస్తే మంచిదని అక్కడి కుర్రవాడు చెప్పాడు. "తలైనా తీస్తా గానీ ఇది తియ్యను" అన్నాడు చిన్నోడు. చివరికి మీసానికి దట్టంగా వాజిలైన్ పట్టించి అద్దం అదిమి పెట్టారు. ఆ ముఖం చూసి ఆయనకి నవ్వొచ్చింది. నవ్వగానే, ఇది ఇంటికెళ్ళి ఆమెకి చెప్పాలనిపించింది. గొట్టం నోట్లో పెట్టుకుని ముఖం నీళ్ళలో ముంచేశాడు.

మర్నాడు గాలి ఎక్కువగానే ఉంది. అఖాతంలో ఒడ్డు దగ్గర నీళ్ళు పలచబడ్డ పాలలా ఉన్నాయి. గైడు అందరికీ పసుపు జాకెట్లు తొడిగించి, ఊపిరి నిదానంగా తియ్యమని, కంగారు పుడితే కాళ్ళు కింద పెట్టి నిలబడమని చెప్పాడు. బావాబావమరుదులు నడుములోతు దాకా నడిచి వెళ్ళారు. చిన్నోడు అక్కడే ఆగిపోయాడు. వంగి ముఖం ముంచుతాడు, దగ్గుతూ లేస్తాడు, మీసం తుడుచుకుంటాడు, మళ్ళీ వంగుతాడు.

ఆయన బోర్లా తేలాడు. లోపల నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాడు. కానీ గొట్టంలో తన ఊపిరే బుసలు కొడుతున్నట్టు వినిపించింది. ఇసుక రంగు చేపలు కొన్ని ఆయన్ని పట్టించుకోకుండా పోయాయి. ఒక రాయి దగ్గర నీలం చేప ఒకటి ఆ రాతినే కరకరా కొరుకుతోంది. ఆ చప్పుడు చెవికి స్పష్టంగా తెలిసింది. బాగుంది. బాగుందని పక్కన చెప్పడానికి మనిషి లేదు. ఆ చేప వెంట మెల్లగా కాళ్ళు ఆడించుకుంటూ పోయాడు. చేతికి తాడు తగిలేదాకా ఎంత దూరం వచ్చాడో తెలియలేదు.

తాడుకి అవతల నేల ఒక్కసారిగా జారిపోయింది. అటంతా నీలం, కిందికి పోయేకొద్దీ చిక్కబడుతున్న నీలం. చేపలు లేవు, ఏమీ లేవు. ఆమె అయితే ఇక్కడ ఆగేది కాదు. ఈపాటికి తాడు దాటి చెయ్యి ఊపుతూ ఉండేది. ఆయన చాలాసేపు అటే చూశాడు. భయం వేయలేదు. అదే వింతగా అనిపించింది. తాడు కింద నుంచి దూరడానికి పెద్ద కష్టం లేదు. తన చెయ్యి జాకెట్ బకిల్ మీద ఉన్న సంగతి ఆయన కాస్త ఆలస్యంగా గమనించాడు.

"బావా!"

తల ఎత్తాడు. చిన్నోడు అద్దం నుదుటి మీదికి లాక్కుని, నీళ్ళు తోసుకుంటూ తన వైపే నడిచి వస్తున్నాడు. ఛాతీ దాటాయి, మెడ దాకా వచ్చేశాయి.

"అక్కడే ఆగరా! రాకు!" అని అరిచాడు ఆయన.

"నువ్వు రా ముందు!" అంటూనే చిన్నోడు ఇంకో అడుగు వేశాడు. తాడు దగ్గరి పల్లంలో ఆ అడుగు కింద నేల లేదు. జాకెట్ తేల్చుతూనే ఉంది గానీ, ఆ విషయం అతనికి ఎక్కలేదు. చేతులతో నీళ్ళని కొడుతూ, మింగుతూ, గుటకలు వేస్తూ ఉన్నచోటే తిరుగుతున్నాడు. ఆయన తాడు వదిలేశాడు. వచ్చిన ఈత వచ్చినట్టు ఈదాడు. దగ్గరికి చేరగానే చిన్నోడు మెడ చుట్టూ పట్టేసుకుంటే ఇద్దరూ కాసిన్ని నీళ్ళు తాగారు. జాకెట్ వెనక పట్టీ పట్టుకుని ఒడ్డు వైపు లాగాడు. గైడు ఈల వేస్తూ వచ్చి రెండో భుజం అందుకున్నాడు.

"కాళ్ళు కింద పెట్టు. నేల ఉంది. నిలబడరా!"

చిన్నోడు నిలబడ్డాడు. నీళ్ళు పొట్ట దాకా కూడా లేవు.

ఒడ్డున ఇసుకలో కూర్చున్నాక చిన్నోడి దగ్గు చాలాసేపటికి తగ్గింది. మిగతావాళ్ళు దూరంగా చేపల్ని చూసి కేకలు పెడుతున్నారు.

"ఎక్కడికి పోతున్నావు బావా అటు?"

"ఎక్కడికీ లేదు. చూస్తున్నా."

"ఏముంది అక్కడ?"

"ఏమీ లేదు. నీళ్ళే."

చిన్నోడు ఆయన ముఖంలోకి కన్నార్పకుండా చూశాడు. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"నిన్న నేనన్న మాట..."

"వదిలెయ్."

"నేను వదిలేస్తే పోతుందా? అనేశాను. నువ్వేమో అవునన్నావు. కాదని తిడితే బాగుండేది." చిన్నోడు మీసం మీది ఇసుక తుడుచుకున్నాడు. "తిట్టు బావా, ఒక్కసారి."

ఆయన తిట్టలేదు. ఓదార్చనూ లేదు. తన తువ్వాలు తీసి అతని తల మీద వేశాడు. ఆ తువ్వాలు కిందే చిన్నోడు చప్పుడు చెయ్యకుండా ఏడ్చాడు. వెళ్ళే వేళ అయిందని గైడు పిలిచేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

మిగిలిన ప్రయాణంలో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. చిన్నోడు మాత్రం ఆయన్ని ఒంటరిగా డెక్కు మీదికి పోనిచ్చేవాడు కాదు. టీ తాగాలనో, గాలి పీల్చుకోవాలనో ఏదో ఒక వంకతో వెంట వచ్చేవాడు. ఆయనకి అది తెలుస్తూనే ఉండేది.

రేవులో దిగేసరికి చిన్నోడి భార్య ఎదురొచ్చింది. చిన్నోడు సామాను కింద పెట్టకుండానే కోతలు అందుకున్నాడు. మూరెడేసి చేపలట, ఒళ్ళు రాసుకుంటూ పోయాయట. ఆమె అంతా విని ఆయన వైపు తిరిగింది.

"మీరేం చూశారు అన్నయ్యగారూ?"

"బాగుందమ్మా. నీళ్ళు బాగున్నాయి" అన్నాడు ఆయన.

కొన్నాళ్ళు తమ ఇంట్లో ఉండమని ఆలుమగలిద్దరూ గట్టిగా అడిగారు. ఆదివారం వస్తానని చెప్పి ఆయన ఇంటికి వెళ్ళాడు. తాళం తీస్తే లోపల మూసి ఉన్న వాసన. కిటికీలు తెరిచాడు. సంచీలో ఇంకా తడిగానే ఉన్న నిక్కరు తీసి, ఉప్పు పోయేదాకా కుళాయి కింద పిండి, వెనక తీగ మీద ఆరేశాడు. పక్కన చాలా చోటు మిగిలింది. వీధిలో ఎవరో లిఫ్టు ఆగిపోయిందని ఫోన్‌లో గట్టిగా మాట్లాడుకుంటూ పోతున్నారు. ఆయన లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి, మంచానికి తన వైపున కూర్చున్నాడు.