ఇనుప బీరువాలో దీపం

బహ్రెయిన్‌లోని సిత్రా కార్మికుల క్యాంపులో లింబాద్రి గొంతు ఎరగనివాడు లేడు. పగలంతా నూనె ట్యాంకుల చుట్టూ పరంజా కట్టే మనిషి, శుక్రవారం సాయంత్రం తాళాలు పట్టుకున్నాడంటే అటు గదుల వాళ్ళూ ఇటు గదుల వాళ్ళూ చెప్పులు విడిచి వచ్చి కూర్చోవాల్సిందే. హనుమంతుడికి ఊళ్ళో శనివారం భజన. ఇక్కడ సెలవు శుక్రవారం గనక ఆయనా సర్దుకున్నాడని లింబాద్రి తీర్పు. వంటశాల వెనక ఖాళీగా పడివున్న చిన్న గదిని కడిగి, పటాలు పెట్టి, దేవుడి గది చేసింది అతనే.

ఆర్మూరు దగ్గరి ఊళ్ళో ఉన్న భార్య ముత్తెమ్మ ఫోన్లో ఎప్పుడూ ఒకటే అడిగేది. "దుబాయిల దీపం పెట్టనిస్తున్నరా?" ఆమెకు బహ్రెయిన్ అయినా దుబాయే.

"పెడుతున్నం గని, నువ్వు జర మెల్లగ మాట్లాడు," అనేవాడు.

ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అయినా దేవుడి ఊసెత్తితే గొంతు దానంతట అదే తగ్గిపోయేది. పరాయి చోట మనమే కాదు, మన దేవుడు కూడా అద్దెకున్నవాడిలా ఒదిగి ఉండాలనుకుంటాం.

చివరికి గది మీద కన్ను వేసింది పరాయివాడు కాదు, మనవాడే. క్యాంపు బాధ్యత చూసే వీరబాబుది కాకినాడ వైపు. కొత్త సామాను దిగింది, గది స్టోరుకు కావాలన్నాడు.

"దేవుడు గుండెల్లో ఉంటాడండీ లింబాద్రి గారూ. ఈ పైపులు నా గుండెల్లో పట్టవు కదా," అన్నాడు. పై వాళ్ళ దాకా పోయి గోల చేసినవాడు లీవుకి ఇంటికెళ్తే మళ్ళీ రానక్కర్లేదని కూడా నవ్వుతూనే చెప్పాడు.

లింబాద్రికి ఆ రోజు అన్నం సయించలేదు. హనుమాన్ జయంతి దాకా ఆ గదిలో దీపం కొండెక్కనివ్వనని మొక్కుకుని ఉన్నాడు. డ్యూటీల వారీగా ఎవరో ఒకరు నూనె పోస్తూనే ఉన్నారు. అప్పుడు వంటమనిషి బాలన్న ఒక మాట చెప్పాడు. సల్మానియా ఆసుపత్రికి పోయినప్పుడు గోడ మీద ప్రభుత్వ హక్కుల సంస్థ వాళ్ళ నంబరు చూశాడట. ఏ మతం వాళ్ళకైనా ప్రార్థనకు ఇబ్బంది కలిగితే చెప్పమని హిందీలో కూడా రాసి ఉందట. ఇద్దరూ బస్సు వెనక నిలబడి ఫోన్ చేశారు. క్యాంపు పేరు చెప్పారు గానీ తమ పేర్లు చెప్పలేదు. "వచ్చి చూస్తాం" అన్నారు అవతలివాళ్ళు. ఆఫీసు మాట గదా, ఎవరు వస్తారులే అని వీళ్ళు మరిచిపోయారు.

ఒక శుక్రవారం పొద్దున వీరబాబు పరుగున వచ్చాడు. "ఇన్‌స్పెక్షన్ అంటండీ. అంతా సర్దేయండి, యల్లా, త్వరగా."

క్యాంపులో ఇన్‌స్పెక్షన్ అంటే అందరికీ గుర్తొచ్చేది ఒకటే, అగ్గి భద్రత వాళ్ళు. పోయినసారి గదుల్లో స్టవ్వులు దొరికి నానా చీవాట్లు తిన్నారు. ఇక చూడండి హడావుడి. హనుమంతుడు బియ్యం డ్రమ్ములోకి దూరాడు. లక్ష్మీదేవి వాషింగ్ మిషన్లో చేరింది. లింబాద్రిగుట్ట నరసింహస్వామిని బాలన్న బనీను కింద పెట్టుకుని, పొట్ట పెరిగినవాడిలా నిలబడ్డాడు. మిగిలింది దీపం.

"ఆర్పెయ్యన్నా," అన్నాడు బాలన్న.

"ఆర్పితే మొక్కేం గావాలె?" అని లింబాద్రి దాన్ని తీసుకెళ్ళి గది మూలనున్న ఇనుప బీరువాలో పెట్టి తలుపేశాడు.

కారు దిగింది అగ్గి భద్రత వాళ్ళు కాదు. బుర్ఖాలాంటి నల్లటి అబాయా, చేతిలో ఫైలు, లుల్వా అనే ఆఫీసరమ్మ. తాను హక్కుల సంస్థ నుంచి వచ్చానని హిందీలో చెప్పి, వీరబాబు చూపించిన ఆ గదిలోకే వచ్చి, "ఇక్కడ హిందువులు ప్రార్థన ఎక్కడ చేసుకుంటారు?" అని అడిగింది.

తాము పిలిచిన మనిషే ఈమె అని బాలన్నకు తట్టేలోపే అలవాటు ముందు పలికింది. "ఇక్కడ ఎవరూ పూజలు చెయ్యరు మేడం," అనేశాడు.

"చూశారా మేడం, వాళ్ళకే అక్కర్లేదు. స్టోరు చేసుకుంటాం," అని వీరబాబు అందుకున్నాడు.

ఆమె ఫైలు తెరిచి కలం తీసింది. లింబాద్రి మనసులో లెక్క వేసుకున్నాడు. ఒప్పుకుంటే అబద్ధాలకోరు, అగ్గి దాచినవాడు. ఫోన్ చేసింది ఎవరో వీరబాబుకు తెలిసిపోతుంది, ఇంటికి టికెట్టు చేతిలో పడుతుంది. ఒప్పుకోకపోతే గది పోతుంది. అతను మూలకు చూశాడు. బీరువా తలుపు చీలికల్లోంచి పసుపు వెలుగు గోడ మీద గీతలు గీస్తోంది. అన్ని రోజులు కాపాడిన దీపం లోపల ఊపిరాడక చిన్నబోతోంది.

వెళ్ళి తలుపు తీశాడు.

"మొక్కుతం మేడం," అన్నాడు, హిందీ మరిచిపోయి తెలుగులోనే. తర్వాత గుర్తొచ్చి హిందీలో చెప్పాడు. "ఇదే మా దేవుడి గది. ఫోన్ చేసింది మేమే. భయపడి దాచినం."

లుల్వా దీపాన్ని చూసింది. గడప దాటి బయటికి వెళ్ళి, చెప్పులు విడిచి మళ్ళీ లోపలికొచ్చింది. "దాచాల్సిన పని లేదు. ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకునేలా చూడటానికే నాకు జీతం ఇస్తున్నారు," అంది. "మరి మీ దేవుళ్ళేరీ?"

అప్పుడు ఊరేగింపు మొదలైంది. హనుమంతుడు ఒళ్ళంతా బియ్యప్పిండితో వచ్చాడు. బాలన్న బనీను ఎత్తి నరసింహస్వామిని బయటికి తీస్తే ఆఫీసరమ్మ పైటకొంగులాంటి ముసుగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గది ప్రార్థనకే ఉండాలని, ఫోన్ చేసినవాళ్ళ ఉద్యోగాల జోలికి పోరాదని వీరబాబు చేత సంతకం పెట్టించుకుంది. మంట ఉన్నచోట మంటలార్పే సిలిండరు కూడా ఉండాలని గట్టిగా చెప్పింది.

ఆ సాయంత్రమే ఎర్ర సిలిండరు వచ్చింది. బాలన్న దానికీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. కొబ్బరికాయ పట్టుకుని గడప దగ్గర తచ్చాడుతున్న మనిషిని లింబాద్రి చూశాడు.

"లోపలికి రా వీరబాబన్నా. పైపులు పట్టవు గని నువ్వు పడుతవు."

భజన మధ్యలో ముత్తెమ్మ ఫోన్ చేసింది. లింబాద్రి స్పీకరు పెట్టి హనుమంతుడి పటం ముందుంచాడు. "ఏందీ లొల్లి? దీపం పెట్టనిస్తున్నరా?" అని ఆమె అడుగుతోంది, మెల్లగా, అతను నేర్పినట్టే.

"గట్టిగ మాట్లాడే," అన్నాడు లింబాద్రి. "ఇనవడతలేదు."