పల్లంరాజు గారి ట్రాక్టర్ నోట్లు

మా పల్లంరాజు గారు తిట్టకుండా నోటు ముట్టుకోరు. మండపేట మార్కెట్ వీధిలో ‘చిరిగిన నోట్లు మార్చబడును’ అన్న బోర్డు కింద కూర్చుంటారు. ఆయన కొట్టు గోడకి ఇవతల నా ఫ్యాన్సీ కొట్టు. ఆయన అరిస్తే నా కొట్లో గాజులు గలగలమంటాయి. ఆమధ్య ఒకావిడ రిబ్బను బేరమాడుతుంటే గోడవతల నుంచి “సిగ్గుండాలి!” అని వినపడింది. నేనన్నాననుకుని రిబ్బను నా మొహాన కొట్టి పోయింది. ఎవరితో చెప్పుకోను నా ఖర్మ?

నోటు చిరిగిందా, ఆయనకి కోపం. “దీన్ని అన్నంలో కలుపుకున్నావా?” నోటు తడిసిందా, ఇంకా కోపం. “చొక్కాతోబాటు నువ్వూ వాషింగ్ మెషిన్లో దూకలేకపోయావా?” తిడుతూనే అతికిస్తారు, తిడుతూనే మారుస్తారు.

ఇది చాలదన్నట్టు యూట్యూబ్ ఒకటి తయారైంది. పాత అయిదు రూపాయల నోటు, వెనకాల ట్రాక్టర్ బొమ్మ ఉంటుందే, అది ఇంట్లో ఉంటే లక్షలట. ఊరంతా బీరువాలు దులిపి ఈయన మీద పడ్డారు.

రైస్ మిల్లు గుమాస్తా యుగంధర్ వచ్చాడు. “నోటు మీద ఏడొందల ఎనభై ఆరు, అదృష్టం నంబరండి. లక్ష వస్తుందంటండి.”

“నీ బండి నంబరు కూడా ఫ్యాన్సీయే కదరా! దానికెవడన్నా లక్షిచ్చాడా?”

“మరి దీనికెంతొస్తుందండి?”

“అయిదు రూపాయల నోటుకి అయిదు రూపాయలొస్తాయి! అదీ కండక్టరు విసుక్కోకుండా తీసుకుంటే! ఆ నోటిక్కడ తగలేసి, ఈ రెండొందలు పుచ్చుకుని పో!”

అదీ ఆయన వరస. అయిదే అని తిట్టి, రెండొందలిచ్చి లాక్కుంటారు. రాజుగారు గుట్టుగా లక్షలు చేసుకుంటున్నారని వీధంతా గుసగుసలు. నాకూ ఒళ్ళు మండేది. అమాయకుల్ని అరిచి బెదరగొట్టి దోచుకుంటున్నాడీయన అనుకున్నాను.

మొన్న మంగళవారం, కోటిపల్లి నుంచి చేపలు తెచ్చి అమ్మే అప్పాయమ్మ తన గంప నా కొట్టు ముందు దింపి ఆయన దగ్గరికెళ్ళింది. ఇవాళ తేల్చేద్దామని నేనూ వెనకే వెళ్ళాను.

కొంగుముడి విప్పి ట్రాక్టర్ నోటు తీసింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ.

“నా మొట్టమొదటి బోణీ నోటండి. దేవుడి దగ్గరెట్టుకున్నాను. ఫోన్లో ఒకాయన ఆరు లక్షలిస్తానన్నాడండి. ముందు ఫైలు ఖర్చు తొమ్మిది వేలు కట్టాలంట. కమ్మలు తాకట్టెట్టడానికే బయల్దేరాను. నోటు అసలుదో కాదో మీరు చెప్పండి, చాలు.”

రాజుగారి మొహం ఎర్రబడింది. “ఆరు లక్షలిచ్చేవాడికి నీ తొమ్మిది వేలెందుకే? అందులోనే పట్టుకోమను! పసుపు రాసిన నోటుని వాడు కొంటాడా, పేరంటానికి పిలుస్తాడా? మడతా మరకా లేకపోతే, పాత నోట్లు పోగేసేవాళ్ళు ఏదో పదో పరకో ఎక్కువిస్తారు. దీనికి అదీ లేదు! ఇదిగో రెండొందలు, నోటిచ్చి పో!”

అప్పాయమ్మ నోటు వెనక్కి లాక్కుంది.

“అయిదొందలు!”

ఆవిడ అనుమానంగా చూసింది.

“వెయ్యి! రెండు వేలు, మహాతల్లీ!”

“అమ్మమ్మో! మీరే రెండు వేలిస్తున్నారంటే ఫోనాయన చెప్పింది నిజమేనన్నమాట!” కమ్మలు తడుముకుంటూ గిరుక్కున తిరిగింది.

నేనింక ఆగలేకపోయాను. “సిగ్గులేదా బాబాయ్ గారూ? చేపలమ్ముకునే మనిషి నోటు కాజేస్తారా?” అని అరిచాను.

ఆయన బల్ల కింద నుంచి ట్రంకుపెట్టె ఈడ్చి, విసురుగా బోర్లించారు. నేలంతా ట్రాక్టర్లే. సగానికి పైగా పసుపు బొట్లే.

“వీటికి లక్షలొస్తే నేనింకా ఈ జిగురు చేతుల్తో ఇక్కడెందుకు చస్తాను?”

“మరెందుకు కొన్నారు?”

“నోటు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆశ చావదు, అమ్మాయ్! తిట్టి పంపితే మళ్ళీ ఫోటో తీసి వాడికే పంపుతారు. నోటే లేకపోతే దేన్ని ఫోటో తీస్తారు?” ఖాళీ పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నారు. “ఆ ఫోను దొంగవెధవ నాకు దొరికి చావడు. వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ వీళ్ళని తిడుతున్నాను!”

అప్పాయమ్మ గొంతుక్కూర్చుని ఆ పసుపు నోట్లు ఒక్కోటీ తిప్పి చూసింది. “ఇయన్నీ నాలాంటోళ్ళ బోణీలేనా బాబూ?” అంది.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుని లేచింది. “ఆ, ఆ, తొమ్మిది వేలే కదా? నువ్విచ్చే ఆరు లక్షల్లో పట్టుకుని మిగతాది పంపు నాయనా!” అంది. అవతలివాడు టక్కున పెట్టేశాడు.

“పెట్టేశాడండి, సచ్చినోడు!” అని నోటు మళ్ళీ కొంగున ముడేసుకుంది. “మీకూ అమ్మనండి. ఇది నా బోణీ.” కమ్మలు చెవులకుండగానే గంపెత్తుకుని వెళ్ళిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే చేపలమ్మేవాళ్ళు నలుగురు, తలా ఒక ట్రాక్టర్ నోటుతో ఆయన కొట్టు ముందు నిలబడ్డారు.

“అప్పాయమ్మకి రెండు వేలిస్తానన్నారంటగా!”

“మీకు బుద్ధుందా?” అంటూ మొదలెట్టారు రాజుగారు. తిడుతున్నది నోరు, సొరుగు మీదకి పోతున్నది చెయ్యి. నేను గోడ చుట్టూ పరుగెత్తుకొచ్చాను.

“ఆ సొరుగు ముట్టుకున్నారంటే మర్యాదగా ఉండదు! ఏమ్మా, మీకు ఇళ్ళూ వాకిళ్ళూ లేవా? ఎవడో ఫోన్లో కూస్తే ఎగబడి వచ్చేస్తారా? పదండి, పదండి!”

వీధంతా ఆగి నా వంకే చూసింది. రాజుగారు కళ్ళజోడు తీసి, ఎంతో నెమ్మదిగా అడిగారు.

“నీకెందుకమ్మా, అంత కోపం?”