అవ్వ చెప్పినట్టే రాసిన ఉత్తరాలు

నా చిన్నప్పుడు, బొల్లారంలో మా పక్కింటి అవ్వకు ఉత్తరాలు రాసిపెట్టే పని నాది. అవ్వకు చదువు రాదు. ఉన్న ఒక్క కొడుకు ఓడల్లో ఇంజనీరు. ఆయన్ని నేను మామా అని పిలిచేవాణ్ణి. ఏడాదికోసారి వచ్చి, రెండు నెలలు తిరక్కుండానే వెళ్లిపోయేవాడు. ఎక్కడెక్కడి రేవుల నుంచో ఆయన రాసిన ఉత్తరాలు అవ్వకు చదివేదీ నేనే. నేను కులాసా, నువ్వు మందులు వేసుకో అని తప్ప వాటిలో ఏమీ ఉండేది కాదు. అయినా రెండోసారి చదవమనేది.

నేను ఐదో తరగతిలో ఉండగా అవ్వకు దగ్గు పట్టుకుంది. తిండి తగ్గింది. గోడ పట్టుకుని నడిచేది. ఆ సంగతి మామకు రాయనా అని అడిగాను.

"వద్దు బిడ్డా. మంచిగున్న అని రాయి. నడి సముద్రంల ఉన్నోడు, ఊకె పరేషాన్ అయితడు" అంది.

అట్లా మూడు ఉత్తరాలు రాశాను. మూడోది పోస్టు చేసిన కొన్నాళ్లకు అవ్వ చనిపోయింది. మా నాన్న టెలిగ్రాం ఇచ్చాడు. ఓడ రేవు చేరి, మామ ఇంటికొచ్చేసరికి పద్దెనిమిది రోజులైంది.

కొడతాడని భయపడి ఆయనకు కనబడకుండా తిరిగాను. నాలుగో రోజు సాయంత్రం ఆయనే పిలిచాడు. ఖాళీ ఇంట్లో ఒక్కడే నేల మీద కూర్చున్నాడు. ముందు నా మూడు ఉత్తరాలు.

"దగ్గు ఎప్పుడు షురూ అయింది?" అని మెల్లగా అడిగాడు.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన ఉత్తరాలు పక్కకు జరిపాడు. తర్వాత కుడిచేతి చొక్కా పైకి మడిచాడు. మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది. ఇంజను గదిలో ఆవిరి గొట్టం పగిలి కాలిందట.

"కట్టు కట్టుకోని, ఎడమ చేతితోని రాసిన, కులాసా అని. నీ తప్పేం లేదు. తల్లీకొడుకులం ఇద్దరం గట్లనే చేసినం."

వంకర అక్షరాల ఉత్తరం ఒకటి గుర్తొచ్చింది. ఓడ ఊగుతుంటే రాశాడేమోనని అవ్వా నేనూ నవ్వుకున్నాం.

"ఇంజను రూంల గంటకోసారి మీటర్లు చూసి పుస్తకంల రాస్తం. ఎంత వేడి చూపిస్తే గంతే రాయాలె. మంచిగ కనబడాలని తక్కువ రాస్తే ఇంజను ఊకుంటదా? ఇంత తెల్సి సుత, అమ్మకు మాత్రం..."

మాట పూర్తి కాకుండానే ఏడ్చేశాడు. పెద్దవాళ్లు అట్లా ఏడుస్తారని నాకప్పటిదాకా తెలియదు. మా అమ్మ పిలిచేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

పెద్దయ్యాక నేనూ ఓడల్లో ఇంజనీరునయ్యాను. మొదటి ప్రయాణంలో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు. ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడేది కాదు. ఒకరోజు ఇంటికి ఉత్తరం, కులాసా అని మొదలుపెట్టి, ఆ కాగితం చింపేశాను. అమ్మా, నాకిక్కడ ఏడుపొస్తోంది అని రాశాను. నెల తర్వాత జవాబొచ్చింది. 'నాకు సుత తోస్తలేదు బిడ్డా. పొద్దుగాల నీ వంతు చాయ్ సుత పెట్టి, మళ్ల నేనే తాగుతున్న.' ఆ ముక్క చదువుకున్నాక, ఎన్నో రోజుల తర్వాత, నిద్ర పట్టింది.

ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. మా చెల్లెలు ఫోన్ చేసి, ఎట్లున్నవన్నా అని అడుగుతుంది. బాగున్నానన్న మాట నోటిదాకా వస్తుంది. కాసేపు ఆగి, పొద్దటి నుంచి ఎవరితో మాట్లాడలేదమ్మా, జెర సేపు ఫోన్ పెట్టకు అని ఉన్నదే చెబుతాను.