తేనెటీగలకు పేరంటం

నా చిన్నప్పుడు మా మాచర్ల వైపు పత్తి తప్ప ఇంకో పంట మాట ఎత్తితే నవ్వేవాళ్ళు. ఏ చేలో చూసినా పురుగుమందు పంపులే. మా నాయనమ్మ ప్రాణం మాత్రం దొడ్లోని గుమ్మడి పాదు మీదే ఉండేది.

ఆ గింజలు ఆవిడ పుట్టింటివి. ఆ ఊరు సాగర్ ముంపులో మునిగిపోయింది. ఊరు వదిలేటప్పుడు వాళ్ళమ్మ కొంగున ముడేసుకుని తెచ్చి ఈవిడకిచ్చిన గింజలు తప్ప పుట్టింటి గుర్తు ఇంకేదీ మిగల్లేదు. ఏటా కాయ కోసి, గింజలు బూడిదలో కలిపి దాచేది. అలాంటిది ఒక ఏడు పాదు నిండా పూసినా ఒక్క కాయ నిలవలేదు. పిందెలన్నీ పండుబారి రాలిపోయాయి. దిష్టి తగిలిందని మా అమ్మ పాత చెప్పు తెచ్చి పాదు పక్కన కర్రకు కట్టింది.

నాయనమ్మ ఓ పొద్దంతా పూల దగ్గరే కూర్చుని లేచింది. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఒక్క తేనెటీగన్నా వాలలా. పిలవని పేరంటానికి ఎవరొస్తారే? మనమే పిలవాల" అంది.

గుప్పెడు గింజలే మిగిలాయి. అవీ పోతే ఇక విత్తనమే లేదు. మరుసటేడు ముందుగా దొడ్డి చుట్టూ ఆవాలు, నువ్వులు, ధనియాలు, బంతి చల్లి, ఆ తర్వాతే గుమ్మడి పెట్టింది. అంట్లు కడిగిన నీళ్ళు మోసే పని నాది. పప్పులోకని అమ్మ కొత్తిమీర తుంచబోతే చేతి మీద ఒక్కటిచ్చింది నాయనమ్మ. అది పూతకు రావాలిట!

"ఏంది మామ్మా, ఈగలకు తోటేస్తన్నావా?" అని పక్కింటి అక్క ఎగతాళి చేసింది.

"ఆఁ, వాటికే. కూర తింటానికి నువ్వు రాంగా లేంది, అవి రాకూడదా?"

వచ్చాయి. ఆవపూల మీద ఝుమ్మని వాలాయి. సరిగ్గా గుమ్మడి పూలు విచ్చిన పొద్దునే మా బాబాయి పంపు భుజానేసుకుని దొడ్డి వెనక పత్తిచేలోకి దిగాడు. నాయనమ్మ వెళ్ళి సాలులో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"పక్కకు జరుగమ్మా, పురుగు చేనంతా తినేస్తంది."

"కొడితే ముందు నా మీద కొట్టరా. నా పుట్టిల్లు ఒకసారి నీళ్ళల్లో పోయింది. ఇంకోసారి మందులో పోనియ్యను."

బాబాయి చాలాసేపు గొణిగాడు. ఆవిడ కదల్లేదు. చివరికి పంపు దించి వెళ్ళిపోయి, ఈగలు గూటికి పోయాక సాయంత్రం వచ్చి కొట్టాడు. ఆ ఏడంతా అలాగే కొట్టాడు. ఆ ఏడే కాయలు నిలిచాయి. మొదటి కాయ కోసిన రోజున నాయనమ్మ ఏడ్చింది. గింజలు కడిగి ఆరబెట్టి, కొన్ని నా పావడా చెరగున ముడేసింది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. నరసరావుపేటలో మా మేడ మీది తొట్లలో ఏటా ముందు ఆవాలు చల్లుతాను, తర్వాతే గుమ్మడి పెడతాను. ఎవరైనా మందు డబ్బా పట్టుకుని మెట్లెక్కితే తొట్టికి అడ్డంగా కూర్చుంటాను. పువ్వు మీద మొదటి తేనెటీగ వాలగానే, మా నాయనమ్మ పుట్టిల్లు ఇంకా మునగలేదనిపిస్తుంది.