సగం చాయ్

ఆమెది ఏ ఊరో నేను అడగలేదు. చాయ్ గ్లాసు పట్టుకున్న తీరే గుర్తుంది.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సు అడవి మొదట్లో ఒక హోటల్ దగ్గర ఆగింది. వానలు వెనకపట్టిన రోజులు. పక్క చేలో విత్తనానికి వదిలిన జనుము ఎండుతోంది. దాని మీద నల్లటి రెక్కలకు నీలి మచ్చలున్న సీతాకోకచిలుకలు, కట్టె కనపడకుండా వాలి ఉన్నాయి. ఏటా ఎక్కడినుంచో వచ్చి, ఎండు జనుము రసం పీల్చుకుని ఎటో వెళ్లిపోతాయని హోటలాయన చెప్పాడు.

మా బస్సులోని ఒక యువకుడు ఫోన్ తీశాడు. అన్నీ ఒక్కసారి లేస్తే వీడియో బాగుంటుందని ఊపడానికి జనుము కట్టెల మీద చెయ్యి వేశాడు.

బల్ల మీద నా పక్కన కూర్చున్న పెద్దావిడ అంది: "ఏంది బిడ్డా, తినేటోళ్లను ఇస్తారాకు ముంగట్నుంచి లేపుతరా?"

"పురుగులే కద పెద్దమ్మా. మళ్ల వాల్తయి."

"దూరం పోయేటియి. నడుమ ఇంత తాగి పోదామని ఆగినయి. మనం ఆగలేదా గట్ల?"

అతను చెయ్యి తియ్యలేదు, ఊపనూ లేదు. అంతలో డ్రైవర్ హారన్ కొట్టాడు. పొగలు కక్కే చాయ్ సగంలో వదిలేసి అందరం బస్సెక్కాం, అతనూ నేనూ కూడా.

ఆమె లేవలేదు. కండక్టర్ కేకేస్తే "తాగి వస్త" అంది. గ్లాసును రెండు చేతులా పట్టుకుని చివరి గుక్క దాకా నిదానంగానే తాగింది.

అందాకా బస్సు ఆమె కోసం ఆగే ఉంది. యువకుడు కిటికీలోంచి ఫోన్ పట్టుకున్నాడు. జనుము మీద ఒక్కటీ లేవలేదు.