వరిగడ్డి గోడలు

విజయవాడలో ఆఫీసు మూసేస్తూ కంపెనీ చెప్పిన మాట చాలా అందంగా ఉంది: ఇకనుంచి మీకు నచ్చిన చోట కూర్చుని పని చేసుకోవచ్చు. లేయా ఆ మాటను లాప్‌టాప్‌తో పాటు సంచిలో సర్దుకుని చాట్రాయి వచ్చేసింది. అక్కడ భర్త మార్టిన్ ఉన్నాడు. అతని ట్రాలీ ఆటో ఉంది. ఎటు చూసినా మామిడి తోటలున్నాయి. నచ్చిన చోటుకు కొదవేముంది?

కానీ ఆమె పని గొంతుతో. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఆసుపత్రి వరండాల్లో నిలబడి ఫోన్ చేస్తారు. వాళ్ల కంగారులోకి ఇటునుంచి కోడికూత జొరబడకూడదు. హైదరాబాదులో కూర్చుని ఈ కాల్స్ వినే టీమ్ లీడర్ సుభాష్ మర్యాదగానే హెచ్చరించాడు.

"వెనక శబ్దాలు ఇలాగే వస్తుంటే మీరు ఇక్కడికొచ్చి పనిచేయాల్సిందేనండీ."

హైదరాబాదంటే మళ్లీ హాస్టల్ మంచం, ఆదివారం రాత్రి బస్సు. పెళ్లయిన దగ్గర్నుంచి మొన్నటిదాకా విజయవాడలో అదే బతుకు. ఇక ఆ బస్సు ఎక్కకూడదని లేయా గట్టిగా అనుకుంది.

డాబా మీద సిగ్నల్ బాగుండేది. కానీ చిలకల్ని తోలడానికి మొక్కజొన్న చేలల్లో రేకు డబ్బాలు మోగేవి. చర్చిలో ఎవరూ లేని వేళ కూర్చుంటే, ఆమె మాటే పైకప్పుదాకా వెళ్లి రెండు మాటలై తిరిగొచ్చేది. హనుమాన్ జంక్షన్‌లో లాడ్జి గది తీసుకుంటే లారీ హారన్లు కిటికీ తలుపుల్ని కూడా వణికించాయి. సాయంత్రం ఇంటికొచ్చి చెవుల్లో మిగిలిన రొదతోనే అన్నం కలుపుకునేది.

"నోరు మూసుకునే ఊరు ఈ జిల్లాలోనే లేదే," అన్నాడు మార్టిన్.

"ముందు నువ్వు మూసుకో బావా. ఊరి సంగతి తర్వాత చూద్దాం."

శీతాకాలం మొదట్లో పుష్పవతి గారి తోటలో షెడ్డు దొరికింది. ఆవిడ ఆ చుట్టుపక్కల పెద్ద రైతు. కాయలు మాగేసే ఆ గది ఏడాదిలో ఎక్కువ నెలలు ఖాళీగానే ఉంటుంది. గోడల పొడవునా వరిగడ్డి మోపులు పైదాకా పేర్చి ఉన్నాయి. లోపల కాలుపెట్టగానే లోకం ఒక్క అడుగు వెనక్కి జరిగినట్టయింది. లోపల సిగ్నల్ లేదు. లాప్‌టాప్‌కి నెట్ అందేలా ఫోన్‌ని పాలిథిన్ కవర్లో పెట్టి కిటికీ బయట మామిడికొమ్మకు వేలాడదీసింది. పూత వచ్చింది. పిందెలు వచ్చాయి. ఆ కొమ్మ కిందనుంచి ఎవరెవరి జబ్బులో, ఎవరెవరి భయాలో లోపలికి వచ్చి ఆమె గొంతులో కాస్త కుదుటపడి వెళ్లేవి. సుభాష్ నుంచి ఫిర్యాదు లేదు.

ఎండలు ముదిరాక పుష్పవతి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేపటినుంచి కాయ దిగుద్దమ్మా. గది ఖాళీ చెయ్యి."

"ఒక మూల కూర్చుంటానండీ. కాయల జోలికి రాను."

"కాయల్ని గడ్డిలో పెట్టి తలుపేశాక నేనే తియ్యను. తీసినప్పుడల్లా లోపలి కాక పోద్ది. సగం పండి సగం పచ్చిగా చస్తాయి. నీ మాటల కోసం నా కాయల్ని పాడుచేసుకోమంటావా ఏంటి?"

లేయా బతిమాలలేదు. ఆవిడ చెప్పింది న్యాయమే. కానీ ఇంటినుంచి పనిచేసేవాళ్ల కాల్స్ సోమవారం మళ్లీ వింటానని సుభాష్ చెప్పి ఉన్నాడు. అది దాటకపోతే హైదరాబాదే.

లాప్‌టాప్ సర్దుకుంటూ ఉండగా కూలీలు గోడల దగ్గరి మోపులు లాగి నేలమీద గడ్డి పరవడం మొదలుపెట్టారు. పుష్పవతి ఎవరినో కేకేసింది. ఆ కేక ఖాళీ గోడలకు తగిలి ఖంగుమంది. లేయా చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ ఆ గదిలో అలాంటి మోత వినలేదు. తాను మందపాటి గోడల్ని నమ్ముకుంది. కాపాడింది గడ్డి.

"బావా, బండి తియ్యి. గడ్డి కావాలి."

"మనకి గేదె కూడా లేదు కదే!"

"నేనున్నాగా."

చాట్రాయి మెట్ట. మామిడి తప్ప గడ్డి ఎక్కడిది? ఉన్న కాస్త గడ్డీ సీజన్లో మామిడికే చాలదు. ఉంగుటూరులో వరి రైతుల దగ్గరికి వెళ్లారు. ట్రాలీ మీద ఎత్తైన గడ్డికుప్పతో, మధ్యమధ్య తాళ్లు బిగిస్తూ, జంక్షన్ దాటి వెనక్కి వచ్చారు. ఇంటి వెనక సామాన్ల గది ఖాళీ చేశారు. లేయా మోపుల్ని పక్కపక్కనే ఒత్తి నిలబెట్టింది, మార్టిన్ వాటిమీద గోనెపట్టాలు కుట్టాడు. నిప్పురవ్వ భయం అతన్ని వదల్లేదు. ప్లగ్గూ వైర్లూ అన్నీ గది బయటికి మార్చేదాకా ఊరుకోలేదు. లాప్‌టాప్ చార్జింగ్ బయటే. ఫ్యాన్ లేదు. దుమ్ముకు లేయా ముక్కు ఎర్రబడింది, అరచేతులు గీసుకుపోయాయి. ఆదివారం చర్చికి కూడా గడ్డివాసనతోనే వెళ్లింది.

సోమవారం ఆమె తలుపు మూసుకుంది. బయట తోటల్లో డబ్బాలు మోగుతూనే ఉన్నాయి, లోపల వాటి జాడ లేదు. గది చీకటిగా, పొయ్యి మీద కూర్చున్నట్టు వేడిగా ఉంది. చెమట కనుబొమ్మల మీంచి జారుతుంటే లేయా ఒకామెకు చెబుతోంది: కంగారు పడకండమ్మా, మీ నాన్నగారి ఆపరేషన్‌కి అనుమతి వచ్చింది. అవతల ఆమె ఏడుపు ఆపుకోవడం, ముక్కు చీదుకోవడం, ఎవరినో పిలవడం, అన్నీ స్పష్టంగా వినిపించాయి.

సాయంత్రం సుభాష్ ఫోన్ చేశాడు.

"కాల్స్ విన్నానండీ. విజయవాడలో ఏదన్నా ఆఫీసు తీసుకున్నారా?"

"లేదండీ. చాట్రాయిలోనే, మా ఇంట్లోనే."

"మరి మొదట్లో వచ్చిన ఆ డబ్బాల మోత?"

"గడ్డి మింగేసిందండీ."

అతనికి అర్థమైనట్టు లేదు. "ఏదైతేనేం, ఇలాగే ఉంటే మీరు ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు.

లేయా ఫోన్ పెట్టేసి తలుపు తీసింది. మజ్జిగ గ్లాసుతో మార్టిన్ నిలబడి ఉన్నాడు, అడగడానికి భయపడుతూ. ఆమె గ్లాసు అందుకుని గడగడా తాగింది.

"వానలొస్తే గడ్డి నానుద్ది. పైన రేకులు చూడాలి బావా."

"అంటే... ఉంటున్నావా?"

"ఎక్కడికెళ్తాను?" అని కొంగుతో మెడ తుడుచుకుని, తర్వాతి కాల్ కోసం మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.