క్రేను కాగితం

శేషగిరి అన్నయ్యగారు కాగితం లేనిదే ఏ పనీ చెయ్యరు. ఇది నేను పెంచి చెబుతున్న మాట కాదు. సిడ్నీ దగ్గర బ్లాక్‌టౌన్‌లో వాళ్ల వంటింట్లో, పొయ్యి పక్క గోడకి ఒక కాగితం అతికించి ఉంటుంది. పైన "కాఫీ కాచు విధానము" అని ఉంటుంది. "ఒకటి: గిన్నె కడిగి ఉన్నదేమో చూడవలెను. రెండు: లేనిచో కడుగవలెను." ఇలా పద్నాలుగు మెట్లు. పదిహేనోది తాగడం. కింద గీత గీసి, ఆయన రాసే ప్రతి కాగితానికీ ఉండే తోక ఒకటి: "పని చెడినచో వెనక్కి వచ్చు దారి." కాఫీ చెడితే వెనక్కి వచ్చు దారి టీ.

"మా పెళ్లిలో పంతులుగారు మంత్రం చదువుతుంటే 'ఇది ఎన్నో మెట్టండీ?' అని అడిగాడు వదినా ఈయన" అని శారదాంబ వదిన ఇప్పటికీ చెబుతుంది. "తాళి కట్టేముందు వెనక్కి వచ్చే దారి అడగలేదు. అదొక్కటీ నా అదృష్టం."

"అడిగానే. పంతులు లేదన్నాడు" అంటారు అన్నయ్యగారు, నవ్వకుండా.

ఆఫీసులో ఆయన పని కూడా అలాంటిదేనట. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండే అంకెలు రాశారట. రెండువేలు రాగానే అవి రెండు సున్నాలు చూసి వందేళ్లు వెనక్కి పోతాయట. ఆ అంకెలు సరిచెయ్యడానికే మా ఆయన రాధాకృష్ణ, అన్నయ్యగారు ఒకే విమానంలో సిడ్నీ వచ్చారు. ఏడో తరగతి చదివినదాన్ని, నాకు ఆ గొడవ అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

"రెండంకెలు చాలకపోతే పక్కన ఇంకో రెండు రాస్తే పోలేదా?" అని ఒకసారి అడిగాను. మా ఆయన పడీ పడీ నవ్వారు.

"అదే చేస్తున్నాం చెల్లెమ్మా" అన్నారు అన్నయ్యగారు. "కాకపోతే దానికి కాగితం ఉండాలి."

మా ఆయన కాగితం చూసే రకం కాదు. మా లీల ఎనిమిదో పుట్టినరోజుకి ప్లాస్టిక్ ఇటుకల బొమ్మపెట్టె ఒకటి కొన్నారు. లోపలున్న పుస్తకం చూసి కడితే ఫైరింజను. తండ్రీ కూతుళ్లు అది కట్టేశారు. అట్టపెట్టె వెనకాల మాత్రం, అవే ముక్కలతో చేసిన క్రేను బొమ్మ ఒకటి అచ్చేశారు. దానికి పుస్తకం లేదు. మా ఆయన ఫైరింజను విప్పేసి, ఆ ఫొటో చూస్తూ ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నేల మీద బోర్లా పడుకుని క్రేను కట్టేశారు. ఎర్ర చక్రం ఒకటి అప్పటికే నా వాక్యూమ్ క్లీనరు మింగేసింది. దాని బదులు పసుపు బిళ్ళ పెట్టారు. ఆ క్రేనుని టీవీ మీద పెట్టుకుంది లీల.

అన్నయ్యగారు వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"కాగితం ఏదీ?"

"లేదండీ. ఊరికే చూసి కట్టాను."

"ఊరికే చూసి కడితే నిలబడదే!"

"నిలబడింది కదా."

"ఇవాళ నిలబడింది" అన్నారాయన, బాగా దిగులుపడి.

ఆ ఏడు జూలైలో మా ఆయన పోయారు.

ఆ తరవాత మా ఇంటికి కాగితాలు రావడం మొదలైంది. "చెత్తడబ్బా వీధిలో పెట్టు విధానము" తొమ్మిది మెట్లు. "లీల బడికి ఫోను చేయు విధానము", అందులో ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో. "రైలెక్కు విధానము" ఇరవై రెండు మెట్లు. అందులో పన్నెండోది, "రైలు ఆగిన తరువాత ఎక్కవలెను."

"ఆగకముందు ఎవరెక్కుతారు అన్నయ్యగారూ?"

"రాయకపోతే ఎవరైనా ఎక్కొచ్చు చెల్లెమ్మా."

నిజం చెప్పాలంటే నాకు రైలు కన్నా కాగితమే కష్టంగా ఉండేది. ఏడో మెట్టు దగ్గర చదువుతూ నిలబడితే రైలు వెళ్లిపోయేది. అయినా పట్టుకుని వెళ్లేదాన్ని. రైలు తప్పితే ఏం చెయ్యాలో కిందనే ఉండేది: "బెంచీ మీద కూర్చొనవలెను. ఇంకొకటి వచ్చును."

నవంబరులో ఒకనాడు టీవీ మీద దుమ్ము తుడుస్తుంటే నా చెయ్యి తగిలి క్రేను కిందపడింది. ముక్కలన్నీ సోఫా కిందకీ, కర్టెను కిందకీ పోయాయి. లీల బడి నుంచి వచ్చి చూసింది. ఏడవలేదు. అన్నీ ఏరి బిస్కెట్ల డబ్బాలో పోసి మూత పెట్టేసింది.

"ఇట్స్ ఓకే అమ్మా" అంది.

ఓకే కాదని ఆ మూత చూస్తేనే తెలుస్తోంది. లీల దాన్ని మళ్లీ తియ్యలేదు. అది బడికి వెళ్లాక నేను ఆ డబ్బాలో ముక్కలూ, అట్టపెట్టే ముందు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఒకటి తయారైంది. క్రేనులా లేదు, గుడ్ల మీద కూర్చున్న కోడిలా ఉంది.

"దట్స్ నాట్ నాన్నాస్ వన్" అని లీల దాన్ని మెల్లిగా విప్పి, మళ్లీ మూత పెట్టింది. దానికి కావలసింది ఏదో ఒక క్రేను కాదు. వాళ్ల నాన్న కట్టిన క్రేను.

సంగతి విని అన్నయ్యగారు కుర్చీలోంచి లేచారు. "ఫొటో అచ్చేశారంటే ఎవరో కట్టే ఉంటారు. కట్టారంటే కాగితం ఉంటుంది. తెప్పిస్తాను. కాకపోతే డిసెంబరు ముప్పై ఒకటి లోపల రావాలి. ఆ తరవాత పోస్టుకి నేను పూచీ పడలేను." ఎందుకైనా మంచిదని పెట్టె వెనక బొమ్మని జిరాక్సు తీయించుకున్నారు. లీల ఆ క్రేను పట్టుకుని దిగిన ఫొటో ఉంటే అదీ పట్టుకెళ్లారు.

బొమ్మల కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశారు. జవాబు మర్యాదగానే వచ్చింది. వెనక బొమ్మలకి పుస్తకాలు వెయ్యలేదు, పిల్లలు తమ ఊహని వాడుకోవాలని తమ ఉద్దేశం అని. అన్నయ్యగారు ఉత్తరం ఒక చేత్తో, పెట్టెలో వచ్చిన ముక్కల జాబితా ఒక చేత్తో పట్టుకుని మా సోఫాలో చాలాసేపు కూర్చున్నారు.

"ఊహ ఈ జాబితాలో లేదు చెల్లెమ్మా. నేను రెండుసార్లు సరిచూశాను."

"అది ముక్క కాదేమో అన్నయ్యగారూ."

"ముక్క కానిది వాడమని ఎలా రాస్తారు?"

తరవాత ఇంటర్‌నెట్. అది కలిసేముందు ఫోనులో పిల్లి గోల పెట్టేది. అది కలిశాక వాళ్లింటికి ఎవరు ఫోను చేసినా కలిసేది కాదు. ఇలా పెట్టె వెనక బొమ్మలకి కాగితాల కోసం వెతికేవాళ్లు దేశదేశాల్లో వందలమంది ఉన్నారట. అందరూ మీసాలొచ్చినవాళ్లేనట. ఓడకి కాగితం ఒకాయన దగ్గర ఉంది, హెలికాప్టరుకి ఇంకొకాయన దగ్గర ఉంది. మన క్రేనుకి ఎవరి దగ్గరా లేదు. ప్రపంచం ఆగిపోతుందని కొందరు, క్రేను కాగితం ఏదని కొందరు. ఎవరి బాధ పెద్దదో నాకు తెలిసేది కాదు.

డిసెంబరు సగంలో శారదాంబ వదిన కుంటుతూ వచ్చింది.

"ఏమైంది వదినా?"

"మా వంటింట్లో అడుగేస్తే చాలు, కాలికి ఏవో గుచ్చుకుంటున్నాయి. ఈయన్నడిగితే 'ఆఫీసు పని' అంటాడు. కంప్యూటర్లలోంచి ముళ్లు రాలతాయా?"

"ఏమో వదినా. రెండంకెలకి అంత గొడవ జరిగినప్పుడు ముళ్లు కూడా రాలతాయేమో" అన్నాను.

ముప్పై ఒకటో తారీకు పొద్దున్నే అన్నయ్యగారు తలుపు కొట్టారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ముప్పై ఒక్క పేజీల దొంతర, మూలన దారంతో కుట్టింది. పేజీకో బొమ్మ, స్కేలు పెట్టి గీసింది, రంగు పెన్సిలుతో దిద్దింది.

"వచ్చింది చెల్లెమ్మా. కంపెనీవాళ్లు పంపారు."

బొమ్మ కింద చూశాను. "రెండు చుక్కల తెల్ల ముక్క ఎడమవైపు నొక్కవలెను" అని ఉంది.

"కంపెనీకి తెలుగు ఎలా వచ్చిందండీ?"

ఆయన దొంతర మూలన దారం ముడి సరిచేశారు. "ఇప్పుడు అన్ని కంపెనీల్లోనూ మనవాళ్లే కదమ్మా. కంప్యూటర్ల గిరాకీ."

లీల డబ్బా మూత తీసింది. దానికి తెలుగు చదవడం రాదు. నేను చదివాను, అది నొక్కింది. అన్నయ్యగారు చేతులు వెనక కట్టుకుని, ఏ ముక్కా ముట్టుకోకుండా నిలబడ్డారు. ఇరవై ఆరో పేజీ దగ్గర నేను ఆగిపోయాను.

"వాట్ డజ్ ఇట్ సే అమ్మా?"

"'ఎడమ వెనక చక్రము పసుపు. ఎరుపు దొరికిననూ పెట్టరాదు. ఇది తప్పు కాదు. రాధాకృష్ణగారి పద్ధతి.'"

లీల పసుపు బిళ్ళ పెట్టి, క్రేను కొక్కెం ఒకసారి పైకి తిప్పి, కిందికి తిప్పి చూసుకుంది. "దట్స్ ఇట్" అంది. తరవాత ఆ రోజంతా ఆకలి అంటూనే ఉంది. ఎన్ని దోసెలు వేశానో లెక్క లేదు.

ఆ మర్నాడు రెండువేలు వచ్చింది. రైళ్లు నడిచాయి. ఫ్రిజ్ పని చేసింది. ఏదీ వందేళ్లు వెనక్కి పోలేదు. ఇంత కష్టపడ్డాక ఏమీ జరగకపోవడమేమిటో నాకు అదీ అర్థం కాలేదు. "ఏమీ జరగకపోవడమే మా పని" అన్నారు అన్నయ్యగారు, మా తలుపు దగ్గర నిలబడి. నా చేతిలో ఇంకో కాగితం పెట్టారు. పండగపూట కూడా మానలేదు మహానుభావుడు.

"టీవీ మీద దుమ్ము తుడుచు విధానము. ఒకటి: ముందుగా క్రేను దించవలెను. రెండు: దించితినా అని మరల చూచుకొనవలెను." ఇలా పదకొండు ఉన్నాయి. కింద గీత, గీత కింద తోక.

"పని చెడినచో వెనక్కి వచ్చు దారి: కంగారు పడరాదు. శేషగిరికి ఫోను చేయవలెను. వారి వంటింట్లో ఇంకొక క్రేను కలదు."